మా మిస్సు దిద్దని తప్పు

మా మిస్సు పోయిందన్న సంగతి నాకు ఎస్సెమ్మెస్‌లో వచ్చింది. మారతహళ్ళిలో మా ట్రావెల్స్ ఆఫీసులో కూర్చుని, సాయంత్రం షిఫ్టుకు క్యాబులు సర్దుతూ, చెప్పిన టైముకు రాని ఒక డ్రైవర్‌ను ఫోన్లో తిడుతున్నాను. తిట్టు మధ్యలో రెండో ఫోను మోగింది. మెసేజ్ ఇంగ్లీషులో ఉంది. మనందరి ప్రియతమ మార్గదర్శి ఇక లేరట, ఆమె చిరునవ్వు మన గుండెల్లో ఎప్పటికీ వెలుగుతూనే ఉంటుందట. పంపింది ఒక కంపెనీలో సేవా కార్యక్రమాలు చూసే అమ్మాయి. ఆ ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. మా మిస్సును ఒకటి రెండుసార్లకు మించి చూసి ఉండదు. ఆ ఒకటి రెండుసార్లూ మా మిస్సు నవ్వి ఉండదని నేను ఎక్కడ కావాలంటే అక్కడ రాసిస్తాను.

నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ప్రియతమ అన్న మాటకు ఇంగ్లీషు స్పెల్లింగు కూడా తప్పు. మా మిస్సు బతికి ఉంటే ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, సరిగ్గా వచ్చేదాకా రాయించి, అప్పుడు చచ్చిపోయేది. ఆ మాట మనసులో అనుకున్నాక ఏడుపు వచ్చింది. డ్రైవర్ ఇంకా లైన్లోనే ఉన్నాడు. తను రానందుకే ఏడుస్తున్నాననుకుని, పాపం, పరుగున బండి తెచ్చాడు.

ఆమె ఎవరో చెప్పాలి. మా మిస్సు బెంగళూరు పాత తెలుగు మనిషి. తాతల కాలంలోనే నగర్తపేటకు వచ్చి, జరీ అంగడి పెట్టుకుని, ఆ సందుల్లోనే స్థిరపడిన కుటుంబం. ఆమె కార్పొరేషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఒకసారి అడిగినవాళ్ళు రెండోసారి అడగలేదు, ఆమె చూపు అలాంటిది. తొంభైల్లో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఇళ్ళకంటే ఖాళీ సైట్లే ఎక్కువగా ఉన్న రోజుల్లో, చిన్న ఇల్లు కట్టుకుని అక్కడికి వచ్చేసింది. ఆ ఇంటికి కారుషెడ్డు ఉండేది, కారు మాత్రం ఎన్నడూ లేదు. చుట్టుపక్కల కట్టడాల్లో పనికొచ్చిన కూలీల పిల్లలు రేకుల షెడ్లలోంచి బయలుదేరి సాయంత్రానికి ఆ కారుషెడ్డులో చేరేవాళ్ళు. వాళ్ళలో నేనూ ఒకదాన్ని. మాది కదిరి పక్క పల్లె. మా నాయన గోడలు కట్టే మేస్త్రీ, మా అమ్మ ఆయనకు ఇటుకలు అందించేది.

సంతాపసభ ఒక అపార్ట్‌మెంటు క్లబ్‌హౌసులో పెట్టారు. పక్క గదిలో ఎవరి పిల్లాడిదో పుట్టినరోజు, అక్కడి బుడగలు ఇక్కడికి ఎగిరొస్తున్నాయి. వేదిక మీద మా మిస్సు ఫోటో. నవ్వుతున్న ఫోటో కోసం ఎంత వెతికారో ఏమో, దొరక్క, ఎండకు కళ్ళు చికిలించిన ఫోటో ఒకటి పెట్టారు. దూరంనుంచి చూస్తే నవ్వినట్టే ఉంది. ఒక మేనేజరు లేచి, ఆమె దగ్గర తాను వినయం నేర్చుకున్నానన్నాడు. నేర్చుకున్నది అంత బాగా దాచుకున్నవాణ్ణి నేను చూడలేదు. ఇంకో ఆవిడ లేచి, పేదపిల్లల పాలిట ఆమె అన్నపూర్ణ అంది. అన్నపూర్ణ! ఆమె మాకు ఏనాడూ ఒక్క బిస్కట్టు పెట్టలేదు. ఆకలేస్తోందని ఎవరైనా అంటే, తిని రాపోండి, ఇదేం హోటలు గాదు అనేది. పోయి తినొచ్చేదాకా ఆ పిల్లల కోసం పాఠం ఆపేది, అది వేరే సంగతి.

తర్వాత నన్ను పిలిచారు. ఆమె వెలిగించిన దీపాల్లో ఒక దీపం అని పరిచయం చేశారు. మెట్లెక్కుతుంటే ఆ సేవా విభాగం అమ్మాయి చెవిలో అడిగింది, ఏ కంపెనీలో చేస్తారని. సాఫ్ట్‌వేర్ కాదమ్మా, మిమ్మల్ని రాత్రుళ్ళు ఇంటికి చేర్చే క్యాబులు పంపిస్తుంటాను అన్నాను. దీపం కాస్త కొడిగట్టినట్టు చూసింది. మైకు ఇచ్చి, ఆమె ప్రేమ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు నిజమే వచ్చింది నోటికి. ఆమెకు పిల్లలంటే పెద్ద ఇష్టం లేదండీ అన్నాను. హాలంతా ఇబ్బందిగా కదిలింది. నేను ఇంకా మాట్లాడబోతుంటే, ఎంతో ఎమోషనల్ అయిపోయారు పాపం అంటూ మైకు తీసుకుని, ఎవరిచేతో పాట పాడించారు. ఆ రోజు చెప్పనివ్వని మిగతా మాటలు ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు నిజంగానే పిల్లలంటే పెద్ద ఇష్టం లేదు. ఆమెకు ఇష్టమైనది సరైన జవాబు. అది ఎవరి నోట్లోంచి వచ్చినా పట్టింపు లేదు. చీమిడి ముక్కువాడి నోట్లోంచి వచ్చినా సరే, ముక్కు తుడుచుకుని మళ్ళీ చెప్పమనేది. తప్పు జవాబు ఎవరు చెప్పినా ఒకటే చీదరింపు. వీధి చివర మేడలో డాక్టరుగారి అబ్బాయి భిన్నాలు రాక ట్యూషనుకు వచ్చేవాడు. వాణ్ణీ మమ్మల్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఒకే మాట అనేది, నీ తలకాయలో ఏముండాదప్పా, జల్లెడా అని. డాక్టరుగారి భార్య వచ్చి, మావాణ్ణి ఈ పిల్లల ముందర అలా అనకండి అంటే, అయితే వాళ్ళ ముందర తప్పు చెప్పద్దను అంది. ఆ అబ్బాయి మళ్ళీ రాలేదు. వాడికి భిన్నాలూ రాలేదు.

మా షెడ్ల దగ్గరికి అప్పటికే చాలామంది వచ్చి పోతుండేవాళ్ళు. పాత బట్టల మూటలు తెచ్చేవాళ్ళు, దేవుడి బొమ్మలు పంచేవాళ్ళు, పండక్కి మిగిలిన స్వీట్లు ఇచ్చి మేము తింటుంటే చూసి తృప్తిపడేవాళ్ళు. అందరిదీ ఒకటే మాట, పాపం. పాపం పిల్లలు, పాపం ఎలా ఉంటారో, పాపం చదువుకుంటే బాగుండు. మమ్మల్ని చూసి పాపం అనని మనిషిని ఆ ఊళ్ళో నేను మొదట చూసింది మా మిస్సునే. ఏడుపు మొహంతో వస్తే, ఏడిచేది ఇంటికాడ ఏడిచి రా, ఇక్కడ ఎక్కాలు అనేది. మీకది కఠినంగా వినిపిస్తుంది. పొద్దస్తమానం జాలి తిని తిని వెగటు పుట్టినవాళ్ళకు అలా వినిపించదు. నాకది చల్లటి మజ్జిగ తాగినట్టుండేది.

ఆమె పాఠం చెప్పే తీరు ఒకటుంది. మేము ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆమె దగ్గర ఇంగ్లీషు. మూడూ కలిపి ముద్ద చేసి మాట్లాడేవాళ్ళం. ఆమె వెంటనే చెయ్యి అడ్డం పెట్టి అడిగేది, ఆ మాట ఎవురింటిది అని. పలకలు ఇస్తూ ఉంటే ఒక పిల్ల, సాకు మిస్ అంది. "సాకు అంటే కన్నడమోళ్ళింట్లో చాలు అని. మనింట్లో నెపం చెప్పడం. నువ్వు చాలంటా ఉండావా, నెపం చెప్తా ఉండావా?" అని ఆ పిల్ల వెంటపడింది. మాటలకు చుట్టాలుంటారు, మొహం ఒకటే ఉన్నా గుణం ఒకటి కాదు, ఏ ఇంటి మాటను ఆ ఇంట్లో దింపి రావాల అని చెప్పేది. ఇంత చెప్పే ఆమె తెలుగులో సగం కన్నడమే. ఊరికే కూచో అనడానికి సుమ్నే కూచో అనేది, బేజారు చెయ్యద్దు అనేది. అది ఎవురింటిదని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు.

దిద్దడం ఆమెకు జబ్బులాంటిది. బస్సు బోర్డులో ఒత్తు తప్పుంటే డ్రైవర్‌కు చెప్పేది. పెళ్ళి శుభలేఖలో తప్పుంటే పెళ్ళికి వెళ్ళి మరీ చెప్పేది. షాపువాడు కూడిక తప్పు చేసి ఆమెకే లాభం కలిగించినా వదిలేది కాదు. ఎదుటివాడు చిన్నబుచ్చుకుంటాడేమో అన్న ఆలోచన ఆమెకు ఉండేది కాదు. తప్పును తప్పుగా వదిలేసి నడిచిపోవడం ఆమెకు చేతకాదు.

రెండువేల సంవత్సరం దాటాక, చుట్టూ ఆఫీసులు లేచాక, శనివారం జనం మొదలయ్యారు. అప్పటికి నేను చిన్న ఉద్యోగం చేస్తూ సెలవురోజుల్లో కారుషెడ్డులో చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పేదాన్ని. ఒకే రంగు టీషర్టులు వేసుకుని బస్సులో దిగేవాళ్ళు. ఎక్కువమంది మన తెలుగువాళ్ళే. ఒక్కొక్కరికి ఒక్కో పిల్లనో పిల్లాడినో కేటాయించేవాళ్ళు, దానికి మెంటరింగ్ అని పేరు. కూర్చోగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే, నీ డ్రీమ్ ఏంటి అని. పిల్లలు గడుసువాళ్ళు. ఏ జవాబుకు పెద్ద చాక్లెట్టు వస్తుందో రెండు వారాల్లో కనిపెట్టారు. కలెక్టర్ అంటే చిన్నది, సైంటిస్టు అంటే పెద్దది. మా కారుషెడ్డంతా సైంటిస్టులతో నిండిపోయింది. ఏడో ఎక్కం రాదు ఒక్కడికీ.

మా మిస్సుకు కూడా ఒక బ్యాడ్జీ ఇచ్చారు, చీఫ్ మెంటర్ అని. ఆమె దాన్ని కొంగుకు పెట్టుకోకుండా కిటికీ ఊచకు తగిలించింది. పాలబ్బాయి చదివి, మిస్సును మెంటల్ అని ఎందుకు రాసినారక్కా అని నన్నడిగాడు. ఆమె లోపల్నుంచి వినేసింది. వాడు సరిగ్గానే సదివినాడు, లేకుంటే ఇంతమందిని ఇంట్లోకి రానిస్తానా అంది. ఆ ఏడాది ఆఫీసుల్లో జీతాలు పెంచే నెల అయిపోగానే బస్సు రావడం మానేసింది. పిల్లలు కొన్ని శనివారాలు గేటు దగ్గర నిలబడి చూశారు. మిస్సు చూడలేదు. అయితే ఆ శనివారాలు ఆమె గొంతు ఎప్పటికంటే పెద్దగా ఉండేది, ఎక్కాలు వీధి చివరిదాకా వినిపించేవి. ఆ బస్సులో వచ్చినవాళ్ళే మొన్న క్లబ్‌హౌసులో ముందు వరసలో కూర్చుని కళ్ళు ఒత్తుకున్నారు.

ఇక నా సంగతి. దీపాలూ వత్తులూ కాదు, జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేను ఏడో తరగతి పాసయ్యాను. మా బడి అంతవరకే. ఎనిమిదికి రింగురోడ్డు అవతల హైస్కూలులో చేరాలి. తండ్రి వెళ్ళి సంతకం పెట్టాలి. ఒక శనివారం మా నాయన పని మధ్యలో సిమెంటు చేతులు కడుక్కుని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. నన్ను వరండాలో నిలబెట్టి తను లోపలికి పోయాడు. ఒంటిపూట బడి, హెడ్‌మాస్టరు అప్పటికే బీరువాకు తాళం వేసి వక్కపొడి నోట్లో వేసుకుంటున్నాడు. పిల్లలు చేరే రోజుల్లో పన్నెండు కొట్టకముందే తాళం వేసే హెడ్‌మాస్టరు ఎలాంటివాడో వేరే చెప్పక్కర్లేదు. మా నాయన వెళ్ళినంత వేగంగా బయటికి వచ్చాడు. మొహం నల్లగా మాడిపోయి ఉంది. నా రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాడు. ఆడపిల్లకు సదువు ఏం అవసరమని అడిగినాడు ఆ అయ్యవారు అని అమ్మతో చెప్పాడు. సోమవారం నుంచి నా నెత్తిన ఇసక తట్ట.

మా నాయన ఊరొదిలి వచ్చి రెండు మూడేళ్ళయినా కన్నడం రాలేదు. ఆయన పనిచేసే చోట సిమెంటు కూడా తెలుగులోనే కలిసేది. మేస్త్రీలు తెలుగు, కూలీలు తెలుగు, కంట్రాక్టరు తెలుగు. కన్నడం అక్కర్లేదనే ఆయన ధీమా. నాకు కన్నడం వచ్చు, కానీ ఆ గదిలో నేను లేను. ఆయన చెప్పిన మాటే నిజమనుకున్నాను. ఆ హెడ్‌మాస్టరును తిట్టుకుంటూ తట్టలు మోశాను. నాకు బడి కావాలని ఏడవలేదని కాదు, అమ్మ కొంగులో మొహం పెట్టి ఏడ్చాను. వచ్చే ఏడు చూద్దాంలే అంది అమ్మ. మా షెడ్లలో వచ్చే ఏడు చూద్దామనిపించుకున్న పిల్లలెవరూ వచ్చే ఏడు బడిలో కనిపించలేదు. అది నాకూ తెలుసు, అమ్మకూ తెలుసు.

కారుషెడ్డుకూ పోవద్దన్నాడు నాయన. కొన్నాళ్ళు చూసి, మా మిస్సు గొడుగేసుకుని సైటుకే వచ్చింది. మా నాయన పరంజా ఎక్కి గోడ మీద ఇటుకల వరస పెడుతున్నాడు. నా పిల్లను ఏం చేసినావప్పా మేస్త్రీ అని కిందినుంచే అరిచింది. ఆయన చేతిలో తాపీ ఆపకుండా జరిగిందంతా చెప్పాడు. కూలోళ్ళమని, ఆడపిల్లని, అంతమాట అన్నాడమ్మా, అట్లా మాటలు పడి సదివించుకునే ఖర్మ మాకు లేదు అన్నాడు. మా మిస్సుకు అలవాటు ఉంది కదా, ఎవరు ఏం చెప్పినా అసలు మాట అడగడం.

"ఆయన నోట్లోంచి వచ్చిన మాట వచ్చినట్టు చెప్పు" అంది.

"ఏను అవసర, అన్నాడు" అన్నాడు నాయన.

మా మిస్సు నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. అది వెలుగుతూ ఉండే రకం చిరునవ్వు కాదు. గొడుగు ఒరిగిపోయేలా, కళ్ళలో నీళ్ళొచ్చేలా, పడీ పడీ నవ్వింది. ఓయ్ మేస్త్రీ, కన్నడంలో అవసర అంటే తొందరప్పా, ఏం తొందరని అడిగినాడు, సోమవారం రమ్మనుంటాడు, ఆ మాటకు పిల్లను తట్ట మోయిస్తా ఉండావా అంది. పైన పరంజా మీద ఉన్నవాళ్ళు, కింద మాలు కలిపేవాళ్ళు, అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఎవరో, మేస్త్రీ మాలు అవసరమా అని అరిచారు. మళ్ళీ నవ్వులు. మా నాయన వరస పూర్తిచేసి, తాపీ గోడ మీద పెట్టి, ఆమె వైపు చూశాడు.

"ఇన్నానులేమ్మా. ఆయన ఏమన్నా ఒకటే. ఇప్పుడు నేను చెప్తాండా, మా పిల్ల సదవదు" అన్నాడు.

చూశారా మగవాడి పౌరుషం. తప్పు విన్నానని ఒప్పుకోవడం కంటే కూతురి చదువు ఆపడం ఆయనకు తేలిక. మా నాయన నాకు ప్రాణమే, అయినా ఆ విషయంలో ఆయన్ను తలుచుకుంటే నాకిప్పటికీ చీదరే. అయితే ఆ రోజు తప్పంతా ఆయనదే కాదు. ఆ తర్వాత సైటులో ఇటుకకీ నీళ్ళకీ బీడీకీ అందరూ అవసరమా మేస్త్రీ అని అడిగేవాళ్ళు. ఆయన మధ్యాన్నం అందరితో కలిసి తినడం మానేశాడు. మా మిస్సు నవ్వకుండా ఆ మాట చెవిలో చెప్పి ఉంటే ఆయన మర్నాడే నన్ను బడికి తీసుకుపోయేవాడు. తప్పు దిద్దడం తెలుసు ఆమెకు, ఎలా దిద్దితే మనిషి విరిగిపోతాడో తెలియదు.

ఆమె ఒక్కతే హైస్కూలుకు వెళ్ళి హెడ్‌మాస్టరుతో పోట్లాడి వచ్చింది. నెలాఖరుదాకా చేర్చుకుంటాను, తండ్రి వచ్చి సంతకం పెట్టకుండా మాత్రం కుదరదు అన్నాడట. రూలు విషయంలో అంత నిక్కచ్చి మనిషి బీరువా తాళం విషయంలో మాత్రం ఉదారుడు. పక్కింటివాళ్ళు మా మిస్సుకు సలహాలిచ్చారు, ఆ మేస్త్రీ చేతిలో ఏమన్నా పెట్టండి, ఒప్పుకుంటాడు అని. కూతురి చదువును తండ్రి దగ్గర కొనుక్కోవచ్చన్నట్టు మాట్లాడిన ఆ పెద్దమనుషులను గేటు బయటికి పంపి గడియ వేసిందట.

నెలాఖరు దగ్గరపడింది. ఒక మధ్యాన్నం, అందరూ సగం కట్టిన మిద్దె నీడలో కూర్చుని సద్ది తింటుంటే, మా మిస్సు వచ్చింది. మా నాయన దూరంగా ఇటుకల కుప్ప దగ్గర ఒక్కడే తింటున్నాడు. ఆమె ఆయన దగ్గరికి పోలేదు. నవ్విన వాళ్ళందరికీ వినబడే చోట, ఎండలో నిలబడింది.

"మేస్త్రీ, ఆ రోజు అందరి ముందరా నవ్వినాను. తప్పు నాది. అందరి ముందరే చెప్తా ఉండాను" అంది.

తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. మా నాయన ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. ఆమె కదల్లేదు.

"ఆయన ఆ మాట అడగలేదు. నువ్వు అడిగినాడనుకున్నావు" అంది మళ్ళీ. "అనుకున్నోడివి జవాబు చెప్పకుండా ఎందుకొచ్చినావప్పా? నీ బిడ్డకు సదువు ఏం అవసరమని అడిగితే నీ కాడ జవాబు లేదా?"

"ఎందుకుండదు?" అన్నాడు నాయన.

"ఉంటే పోయి చెప్పు."

"ఏమని చెప్పాల?"

"నాకేం తెలుసు? నీ బిడ్డ, నీ జవాబు" అని గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది.

 సాయంత్రం కారుషెడ్డుకు పోయి, రేపొస్తాము అని మాత్రం చెప్పి రమ్మన్నాడు నాయన నాతో. మర్నాడు స్నానం చేసి, ఊరినుంచి తెచ్చుకున్న తెల్లచొక్కా వేసుకున్నాడు. దారిలో పెదాలు కదుపుతూ నడిచాడు, పరీక్షకు పోయే పిల్లాడిలాగా. నేను ఆయన వెనక, నా వెనక మా మిస్సు.

ఈసారి నేనూ గదిలోకి వెళ్ళాను. హెడ్‌మాస్టరు మా వైపు చూడకుండా గోడ గడియారం వైపు చూస్తున్నాడు. మా నాయన బల్లకు ఎదురుగా నిలబడ్డాడు. చేతులు కట్టుకోలేదు, నమస్కారం పెట్టలేదు. అన్నాళ్ళుగా గొంతులో ఇరుక్కున్న మాట అది, గది దద్దరిల్లేలా వచ్చింది.

"సార్. మా పాపకు సదువు అవసరం. శానా అవసరం."

హెడ్‌మాస్టరుకు అందులో అర్థమైంది ఒక్క ముక్కే, అదీ ఆయన ఇంటి అర్థంలోనే. విసుగ్గా తల ఊపాడు. "ఆయ్తప్పా, ఎల్లరిగూ అవసరనే. కొడి ఇల్లి" అన్నాడు. సరేలే, అందరికీ తొందరే, ఇటివ్వండి అని. టీసీ లాక్కుని, రిజిస్టరు తెరిచి, నా పేరు రాయడం మొదలుపెట్టాడు.

మా నాయన మొహం నేను చూశాను. తను చెప్పింది విని, అవును, అందరికీ అవసరమే అని హెడ్‌మాస్టరు ఒప్పుకున్నాడని ఆయనకు అర్థమైంది. ఆ గదిలో జరిగింది తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ మా మిస్సూ. నాకు భయమేసింది. ఒత్తు తప్పుంటే బస్సు ఆపే మనిషి. అలవాటుగా ఆమె చెయ్యి లేచింది. నోరు తెరుచుకుంది. నేను ఆమె వైపు చూస్తున్నాను. తెరిచిన నోరు మెల్లగా మూసుకుంది. లేచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, గోడ మీది టైంటేబులు చదువుతున్నట్టు అటు తిరిగి నిలబడింది. మా నాయన సంతకం పెట్టేదాకా ఇటు తిరగలేదు.

నేను పదోతరగతి ఎలా పాసయ్యానో, తర్వాత ఏం చదివానో మీకు అక్కర్లేదు, క్లబ్‌హౌసులో వాళ్ళకు కావాలి అవి. ఆమె నాకు ప్రేమ పంచలేదు, దీపం వెలిగించలేదు, కల అడగలేదు. నాకోసం ఒక తప్పును తప్పుగా వదిలేసింది. ఆమె స్వభావం తెలిసినవాళ్ళకు అది ఎంత పెద్ద పనో తెలుస్తుంది. ఆ రుణానికి నేను చెప్పే కృతజ్ఞత చాలదని నాకు తెలుసు. మా నాయనకు ఇప్పటికీ ఈ సంగతి తెలియదు. ఇది చదివినవాళ్ళు ఎవరైనా ఆయనకు ఎదురైతే, దయచేసి చెప్పకండి.

బడి గేటు దాటగానే నాయన ఆగి, సూసినావామ్మా, ఒప్పుకున్నాడు అన్నాడు. ఊ, ఒప్పుకున్నాడప్పా అంది మిస్సు. రింగురోడ్డు దాటి మట్టిదారి పట్టాం. ఆయన ముందు నడుస్తూ, చేతులు ఊపుతూ, తను ఎలా నిలబడిందీ, ఏమన్నదీ, ఆ హెడ్‌మాస్టరు ఎలా తల ఊపిందీ మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు, అది అయిపోగానే మళ్ళీ మొదలుపెట్టాడు. మా మిస్సు గొడుగు వేసుకోవడం మరిచిపోయి, చంకలో పెట్టుకుని, ఆ ఎండలో ఆయన ప్రతి మాటకూ ఊ కొడుతూ వెంట నడిచింది.